సముద్రమట్టము : ధ్రువ హిమఫలకముల వలన రాగల పెరుగుదల

గ్రీన్‌లాండును అంటార్కిటికాను కప్పియున్న మహా హిమఫలకములు క్షీణించి సముద్రమున చేరుటచే రాబోవు దశాబ్దములలోను శతాబ్దములలోను సముద్రమట్టము ఎంత హెచ్చునో ముందుగా లెక్కించు విద్య భూభౌతిక శాస్త్రమున ఇంచుమించు అర్ధశతాబ్ది వయస్సు గల శాఖ. రాబోవు గ్రహణములను నిమిషములతో సహా చెప్పగల శాస్త్రము, 2100 సంవత్సరపు సముద్రమట్టమును మాత్రము విశాలమైన రెండు అవధుల నడుమ ఉంచి ఊరకుండుట చూచి కొందఱు దానిని అజ్ఞానమని తలతురు గాని, అది సరికాదు. మంచు ఎంత వేడికి ఎంత కరుగునో చెప్పుట సులభము. కరుగకయే అది నేలమీదినుండి జారి కడలిలోనికి ఎంత వేగముగా చేరునో చెప్పుట దుష్కరము. ఈ శాస్త్రమునందలి వివాదములలో పెక్కింటికి మూలము ఈ రెండవ ప్రశ్నయే.

గ్రీన్‌లాండు ఫలకము సుమారు 17 లక్షల చదరపు కిలోమీటర్లు విస్తరించి, నడుమ 3 కిలోమీటర్లకు మించిన మందము కలిగియున్నది. అది పూర్తిగా కరిగినచో ప్రపంచ సముద్రమట్టము 7 మీటర్లకు పైగా హెచ్చును. అంటార్కిటికా ఫలకము దాదాపు 1 కోటి 40 లక్షల చదరపు కిలోమీటర్లది. దానిలో దాగియున్న నీరు 58 మీటర్ల పెరుగుదలకు సరిపోవును. ఇందు పశ్చిమ అంటార్కిటికా భాగము 5 మీటర్లకు పైబడిన స్వల్పాంశమే యైనను, మిగిలిన దానికంటె అదియే పండితులను ఎక్కువగా కలవరపెట్టుచున్నది. ఇవన్నియు నేలమీద నిలిచియున్న మంచును గూర్చిన లెక్కలు. ఇదివఱకే నీటిపై తేలుచున్న మంచు ఆర్కిమెడిస్ సూత్రము ననుసరించి తన బరువునకు సమమైన నీటిని తొలగించియేయున్నది గనుక, అది కరిగినను మట్టమున చెప్పదగిన మార్పు రాదు. నేలమీది మంచులో సుమారు 36,000 కోట్ల టన్నులు సముద్రమున చేరినపుడు ప్రపంచమంతటను సగటున ఒక మిల్లీమీటరు హెచ్చును.

భవిష్యత్తును లెక్కించుటకు ముందు వర్తమానమును కొలువవలెను. ఉపగ్రహములు వచ్చువఱకు ఈ ఫలకములు పెరుగుచున్నవో తఱుగుచున్నవో కూడ నిశ్చయముగా తెలియదు. నేడు మూడు మార్గములున్నవి: మంచు ఉపరితలపు ఎత్తును రాడారుతోగాని లేజరుతోగాని కొలుచుట, కురిసిన మంచునుండి సముద్రమునకు ప్రవహించిన మంచును తీసివేసి శేషమును చూచుట, 2002లో ఎగిరిన గ్రేస్ జంట ఉపగ్రహములవలె భూమ్యాకర్షణలోని సూక్ష్మ భేదములను బట్టి ఫలకమును తూచుట. పరస్పరము సంబంధము లేని ఈ మూడు కొలతలను సరిపోల్చగా, 1992 మొదలు 2017 వఱకు అంటార్కిటికా సుమారు 2,72,000 కోట్ల టన్నులను, 1992 మొదలు 2018 వఱకు గ్రీన్‌లాండు సుమారు 3,90,000 కోట్ల టన్నులను కోల్పోయినట్లు తేలినది. ఆ రెండును కలిసి సముద్రమునకు చేర్చినది రెండు సెంటీమీటర్లకు లోపే. అంకె చిన్నదే గాని, ఆ కాలావధిలో నష్టము ఏటేట ఒకే తీరుగా లేక కాలక్రమమున హెచ్చుచు వచ్చిన సంగతి ఆ చిన్న అంకెలో కానరాదు.

గ్రీన్‌లాండు కథ కొంత సరళమైనది. అచ్చట వేసవిలో ఉపరితలమే కరిగి ఏరులై పారును. గాలి వేడిమి తెలిసినచో కరుగుదలను లెక్కింపవచ్చును. కరిగినకొలది ఫలకము పొట్టిదగును, పొట్టిదైనకొలది దాని తల వెచ్చని గాలిపొరలోనికి దిగును, దిగినకొలది మఱింత కరుగును. ఇట్లు ఒక హద్దు దాటిన పిమ్మట వేడిమి నిలిచిపోయినను క్షయము ఆగదు. ఐనను అచ్చటి హిమానీనదములు సైతము పండితులను ఆశ్చర్యపఱచక మానలేదు. పశ్చిమ తీరమున ఇలూలిసాట్ చెంత సముద్రమున కలియు యాకబ్స్‌హాన్ హిమానీనదము 2012లో ఏటికి 17 కిలోమీటర్ల వేగమునందుకొని, అటుపిమ్మట 2016 ప్రాంతమున దాని ముఖమునకు తగులు సముద్రజలము చల్లబడుటతో మందగించి మందమెక్కినది. కొన్నియేండ్ల నడకను బట్టి గీతను పొడిగించుకొనిపోవువారికి ఇది చాలినంత హెచ్చరిక.

అంటార్కిటికాలో గాలి నేటికిని మిక్కిలి శీతలము. ఉపరితలము కరుగుట అల్పము. అచ్చటి ప్రమాదము పైనుండి గాక క్రిందినుండి వచ్చును. హిమఫలకము ఘనపదార్థమే యైనను, పెనముపై పోసిన అట్లపిండివలె స్వభారముచేత నలుదెసలకు మెల్లగా వ్యాపించును. అది తీరమును చేరి, లోతు తగినంతయున్న చోట నేలను విడిచి తేలనారంభించును. నేలపైని మంచు తేలు మంచుగా మాఱు ఆ సరిహద్దునకు భూస్పర్శరేఖ యని పేరిడుకొందము. తేలు మంచుపలక తాను సముద్రమట్టమును పెంచకపోయినను, అఖాతపు గట్లకును నీటిలోని మిట్టలకును ఒరసికొని వెనుకనున్న హిమానీనదమును నిలువరించుచుండును. ఆ పలక పోయినచో వెనుకటి ప్రవాహమునకు అడ్డు తొలగినట్లే.

1957–58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరమున మంచుబండ్లపై పశ్చిమ అంటార్కిటికాను దాటిన ఛార్లెస్ బెంట్లీ ప్రభృతులు చిన్న విస్ఫోటములు జరిపి వాని ప్రతిధ్వనులచే మంచు మందమును కొలువగా, ఆ ఫలకము కూర్చున్న నేల చాలభాగము సముద్రమట్టమునకు దిగువనున్నదనియు, కొన్నిచోట్ల రెండు కిలోమీటర్లకు మించిన లోతున్నదనియు బయటపడినది. పైగా ఆ నేల తీరమునుండి లోపలికి పోయినకొలది పల్లమగుచున్నది. దీని పర్యవసానమును 1974లో యోహానెస్ వీర్ట్‌మన్ గణితముతో నిరూపించెను: భూస్పర్శరేఖ అట్టి పల్లమువైపు ఒక అడుగు వెనుకకు జరిగినచో, అచ్చట మంచు మఱింత మందముగా నుండును గనుక సముద్రమునకు పోవు ప్రవాహము హెచ్చి, రేఖ ఇంకను వెనుకకు జరుగును. 2007లో క్రిస్టియన్ షూఫ్ చేసిన విశ్లేషణ ప్రకారము ఆ రేఖవద్ద మందము రెట్టింపైనపుడు ప్రవాహము ఇరువది రెట్లకు పైబడును. తేలుపలకల అడ్డు లేనిచో వర్తించు లెక్క యిది; అడ్డు ఎంతయో తెలియుటయే అసలు చిక్కు.

1978లో జాన్ మెర్సర్ అను హిమశాస్త్రజ్ఞుడు ‘నేచర్’ పత్రికలో, కార్బన్ డయాక్సైడు పెరుగుదలవలన పశ్చిమ అంటార్కిటికాకు మూడవచ్చుననియు, అంటార్కిటికా ద్వీపకల్పపు తేలుపలకలు ఉత్తరమునుండి దక్షిణమునకు వరుసగా విచ్ఛిన్నమగుట దానికి తొలి సూచన కాగలదనియు వ్రాసెను. నాడు ఆ మాటను అతిశయోక్తిగా భావించినవారు లేకపోలేదు. 1995లో లార్సెన్-ఎ పలక విచ్ఛిన్నమయ్యెను. 2002లో దానికి దక్షిణముననున్న లార్సెన్-బి పలకలో 3,250 చదరపు కిలోమీటర్ల భాగము నెలదినములకు ఒకింత హెచ్చుగా పట్టిన కాలములో ముక్కలై కొట్టుకొనిపోయెను. దాని వెనుకటి హిమానీనదములలో కొన్ని ఎనిమిది రెట్ల వఱకు వేగము పుంజుకొన్నవి. శాస్త్రమున ఇంత నిర్దిష్టముగా చెప్పి ఇంత నిర్దిష్టముగా ఫలించిన జోస్యములు అరుదు.

నేడు అందఱి దృష్టియు అమండ్సెన్ సముద్రతీరమునందలి థ్వైట్స్ హిమానీనదముపై నిలిచియున్నది. 120 కిలోమీటర్ల వెడల్పుతో సముద్రమును చేరు ఈ నదమొక్కటి పూర్తిగా కరిగిపోయినచో సముద్రమట్టము 60 సెంటీమీటర్లకు మించి హెచ్చును. దక్షిణధ్రువమును చుట్టివచ్చు లోతైన ప్రవాహమునుండి, ఘనీభవన స్థానమునకు కొలది డిగ్రీలు మాత్రమే పైనున్న ఉప్పునీరు తీరపు మెట్టను దాటి దాని అడుగున చేరుచున్నది. ఆ కొలది డిగ్రీలే మంచును క్రిందినుండి తొలుచుటకు చాలును. 1992–2011 నడుమ దీని భూస్పర్శరేఖ కొన్నిచోట్ల 14 కిలోమీటర్లు వెనుకకు జరిగినది. ఐతే ప్రకృతి ఒకవైపే త్రాసును వంచదు. బరువు తగ్గిన నేల పైకి లేచును. అమండ్సెన్ తీరమున ఆ లేచుట ఏటికి 4 సెంటీమీటర్ల మేర కొలువబడినది. లేచిన నేల రేఖ జరుగుదలను కొంత మందగింపజేయగలదు. పైగా వెచ్చబడిన గాలి ఎక్కువ తేమను మోసికొనివచ్చి తూర్పు అంటార్కిటికాపై ఎక్కువ మంచు కురిపింపవచ్చును. 2020లో ప్రకటితమైన బహునమూనా పరీక్షలో, వాయువుల విడుదల అత్యధికముగా సాగినచో 2100 నాటికి అంటార్కిటికా సముద్రమట్టమును 30 సెంటీమీటర్లు పెంచునని ఒక కొస నమూనా చెప్పగా, 7.8 సెంటీమీటర్లు తగ్గించునని వేఱొక కొస నమూనా చెప్పెను. పెరుగునో తఱుగునో అనునదే తేలని యీ స్థితి సామాన్య పాఠకునకు వింతగా తోచవచ్చును.

వివాదము పరాకాష్ఠనందినది మంచుగోడల విషయమున. తేలుపలక పోయిన పిమ్మట మిగులు నిట్టనిలువు గోడ నీటిపై సుమారు 100 మీటర్లకు మించినచో స్వభారమునకు తాళలేక కూలును. దాని వెనుక అంతకంటె ఎత్తైన గోడ బయటపడి అదియు కూలును. ఈ ఊహను నమూనాలో చేర్చి 2016లో రాబర్ట్ డికాంటో, డేవిడ్ పొలార్డ్ అనువారు, విడుదలలు అత్యధికమైనచో అంటార్కిటికానుండియే 2100 నాటికి మీటరుకు మించిన పెరుగుదల రాగలదని ప్రకటించిరి. లక్షా ఇరువదియైదు వేల యేండ్ల క్రిందట, నేటికంటె స్వల్పముగా మాత్రమే వెచ్చనైన కాలమున, సముద్రము 5 మొదలు 10 మీటర్లు ఎత్తుగానున్నదని ప్రాచీన ప్రవాళభిత్తికల వలన తెలియుచున్నది. ఆ ఎత్తును వివరించుటకు ఈ గోడల కూలుట అవసరమని వారి తలంపు. 2019లో వేఱొక బృందము ఆ సాక్ష్యమునకు గోడల ఊహ అనివార్యము కాదని గణాంక శాస్త్రముచే చూపెను. 2021లో డికాంటో, పొలార్డ్‌లే తమ అంకెలను తగ్గించుకొనిరి. 2024లో థ్వైట్స్‌ను గూర్చి చేసిన గణనలలో, ఈ శతాబ్దమున అచ్చట గోడలు వరుసగా కూలు సూచన కనబడలేదు. ఊహ తిరస్కృతమైనదని చెప్పరాదు. శతాబ్దాంతమునకు పిమ్మటి కాలమునకు వాయిదా పడినదని చెప్పుట న్యాయము.

ఈ తర్కవితర్కములన్నియు ఐ.పి.సి.సి. అను అంతర్ ప్రభుత్వ సంఘపు నివేదికలలో ప్రతిఫలించినవి. 2007 నాటి నివేదిక 18 మొదలు 59 సెంటీమీటర్లని చెప్పుచు, మంచు ప్రవాహమున రాగల శీఘ్ర పరిణామములను లెక్కలో చేర్చలేదని నిజాయితీతో తెలిపెను. ఆ షరతును వదలి అంకెను మాత్రము పట్టుకొన్నవారే ఎక్కువ. 2021 నాటి నివేదిక, 1995–2014 సగటుతో పోల్చి, విడుదలలు మిక్కిలి తగ్గినచో 2100 నాటికి 28 మొదలు 55 సెంటీమీటర్లనియు, మిక్కిలి పెరిగినచో 63 మొదలు 101 సెంటీమీటర్లనియు చెప్పెను. హిమఫలకముల నడక సరిగా తెలియనందున 2 మీటర్ల వఱకు పోవుటను కాదనలేమని అనుబంధించెను. సంభావ్యతలు నడిమి అంకెకు ఇరువైపుల సమముగా లేవు; తక్కువవైపు తోక పొట్టి, ఎక్కువవైపు తోక పొడవు. కావున సగటు అంకెను నమ్మి కరకట్ట కట్టుట అవివేకము.

ఈ పెరుగుదల అన్ని తీరములకు సమానముగా పంచబడదు. మహా హిమఫలకము తన ఆకర్షణచే చుట్టునున్న నీటిని తనవైపు లాగికొనియుండును. అది కరిగినచో ఆ పట్టు సడలి, గ్రీన్‌లాండు చెంత సముద్రము తగ్గును, దూరతీరములందు సగటుకంటె ఎక్కువ పెరుగును. ఆ లెక్కన రెండు ధ్రువములకు దూరముగానున్న హిందూ మహాసముద్ర తీరములకు మినహాయింపు లేదు. ఇంతేగాక కృష్ణా గోదావరీ డెల్టాలవంటి ఒండ్రునేలలు తమంతట తామే కొంత క్రుంగుచుండును. ఎగువ ఆనకట్టలవెనుక మేట నిలిచిపోవుటచే, ఆ క్రుంగుదలను పూడ్చుకొను శక్తి వానికి తగ్గినది. అచ్చట లెక్కకు రావలసినది ప్రపంచపు సగటు కాదు, సముద్రము లేచుట నేల దిగుట కూడిన మొత్తము.

అంకె నిశ్చయముగా తెలియకయే ముందుజాగ్రత్త పడుట ఎట్లో తెలుపు ఉదాహరణ మొకటి గలదు. లండను నగరమును కాపాడు థేమ్స్ తలుపుకట్ట విషయమున 2012లో ఆమోదింపబడిన ప్రణాళిక ఒక సంవత్సరమునకు ఒక అంకెయని నిర్ణయింపక, మట్టము ఫలానా గుర్తును దాటినపుడు ఫలానా పని మొదలిడవలెనని మెట్లుమెట్లుగా వ్రాయబడి, 2.7 మీటర్ల పెరుగుదలను సైతము కడపటి మెట్టుగా పరిశీలించినది.