లెక్కలోకి వచ్చినవారు

మన భాషలో లెక్క అనే మాట బహు గడుసుది. లెక్క పెట్టడం వేరు, లెక్కలోకి రావడం వేరు. పాలకెంత, కూరలకెంత, చీటీపాటకెంత అని వేళ్ళమీద లెక్కగట్టి, నెలాఖరుకి పోపులడబ్బాలో ఇంకాస్త మిగల్చగలిగిన ఇల్లాలికి లెక్కలు రావని ఎవరనగలరు? కానీ ఆ లెక్క కింద ఆమె సంతకానికి విలువ లేదు. లెక్కలు చూసి, "ఇవి సరిగ్గా ఉన్నాయి" అని సంతకం పెట్టే అధికారం ఆడవాళ్ళకి ఎప్పుడొచ్చిందా అని వెతుకుతుంటే నాకు ముగ్గురు స్త్రీలు తటస్థపడ్డారు. నా నవలల్లో కథానాయికలకి ఇంత పట్టుదల ఎన్నడూ లేదు సుమండీ!

పూర్వం మనకి ఊరి లెక్కలు రాయడం పుట్టుకతో వచ్చే హక్కు. కరణీకం తండ్రి తర్వాత కొడుక్కి. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో గానీ ఆ పద్ధతి పోలేదు. దొరల దేశంలో మాత్రం 1854లోనే ఎడింబరో లెక్కలవాళ్ళు ఒక సంఘం కట్టి, విక్టోరియా రాణి నుంచి చార్టర్ సంపాదించారు. చార్టర్డ్ అకౌంటెంట్ అన్న పేరు అలా వచ్చింది. 1880లో ఇంగ్లండు, వేల్స్ వాళ్ళ ఇన్‌స్టిట్యూట్‌కీ అలాంటి చార్టర్ దక్కింది. ఇక వంశంతో పనిలేదు, శిక్షణ, పరీక్ష ముఖ్యమన్నారు. బాగానే ఉంది. కానీ చార్టర్ ఇచ్చిందేమో రాణిగారు, లోపల ఆడవాళ్ళకి మాత్రం చోటు లేదు!

మేరీ హారిస్ స్మిత్ 1844లో పుట్టింది. చిన్నప్పటినుంచీ లెక్కలంటే ఇష్టం. 1887లో లండన్‌లో సొంతంగా అకౌంటెంట్‌గా ప్రాక్టీసు పెట్టుకుంది. 1891లో ఇన్‌స్టిట్యూట్‌కి దరఖాస్తు చేసుకుంటే ఆడదానివి గనక కుదరదన్నారు. ఆమె పని మానలేదు, అడగడమూ మానలేదు. వృత్తుల్లో స్త్రీలకి అడ్డు తొలగిస్తూ 1919లో చట్టం వచ్చాక, 1920లో ఆమెని చేర్చుకున్నారు. ప్రపంచంలో మొదటి మహిళా చార్టర్డ్ అకౌంటెంట్ ఆవిడే. అప్పటికి వయసు డెబ్భై అయిదేళ్ళ ప్రాంతం. మనవాళ్ళయితే కాశీకి పంపేవారు!

అమెరికాలో ఈ వృత్తికి సి.పి.ఏ. అని పేరు. న్యూయార్క్ రాష్ట్రం 1896లో దానికి మొదటి చట్టం చేసింది. క్రిస్టీన్ రాస్ అనే ఆవిడ 1898లో పరీక్ష రాసింది. సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి 1899 డిసెంబరు 27. పరీక్ష రాయడానికంటే, ఆడమనిషికి ఇవ్వచ్చా అని పెద్దలు ఆలోచించడానికే ఎక్కువ కాలం పట్టిందన్నమాట.

ఇక మన ఆవిడ. ఆర్. శివభోగం 1907లో పుట్టారు. చదువంతా మద్రాసులోనే. స్వాతంత్ర్యోద్యమంలో చేరి ఏడాదిపాటు జైల్లో ఉన్నారు. తిరిగొచ్చి 1933లో ప్రభుత్వ అకౌంటెన్సీ డిప్లొమా ప్యాసయ్యారు. అయితే 1932 నాటి నిబంధనల ప్రకారం రిజిస్టరు చేసుకుంటే గానీ ఆడిట్ చెయ్యకూడదు. జైలుకెళ్ళినవాళ్ళకి రిజిస్ట్రేషన్ లేదంది తెల్ల ప్రభుత్వం. ఆవిడ కన్నీళ్ళు పెట్టుకోలేదు, కోర్టుకెక్కారు, గెలిచారు. 1937లో ప్రాక్టీసు మొదలుపెట్టారు. మన దేశంలో మొదటి మహిళా చార్టర్డ్ అకౌంటెంట్‌గా ఇవాళ చెప్పుకునేది ఆవిడనే.

1949లో మన చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం, దాంతోపాటు ఇన్‌స్టిట్యూట్ వచ్చాయి. దాని దక్షిణ ప్రాంతీయ మండలికి 1955 నుంచి 1958 దాకా శివభోగంగారే అధ్యక్షురాలు. తెలుగు జిల్లాలూ ఆ మండలి కిందివే. ఖద్దరు చీర కట్టుకున్న ఆడమనిషి అధ్యక్షస్థానంలో, ఎదురుగా అంతమంది మగవాళ్ళు. ఆ దృశ్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం మరొకటి. మొదటి ప్రయత్నంలోనే సి.ఏ. ప్యాసైన అమ్మాయిల్లో ఉత్తమంగా నిలిచినవారికి ఆవిడ 1956లో బహుమతి ఏర్పాటు చేశారు. తలుపు తెరుచుకుని లోపలికెళ్ళినవాళ్ళు చాలామంది ఉంటారు. వెనక వచ్చేవాళ్ళకోసం గడియ తీసి ఉంచేవాళ్ళు అరుదు.

ఇప్పటికీ ఇంట్లో పిల్ల సి.ఏ. చదువుతానంటే, "అన్నేళ్ళ చదువా? మరి పెళ్ళెప్పుడే?" అని బుగ్గలు నొక్కుకునే పిన్నిగార్లున్నారు. వాళ్ళతో వాదన పెట్టుకోకండి. కాఫీ గ్లాసు చేతికిచ్చి, మేరీగారి ఇరవై తొమ్మిదేళ్ళ నిరీక్షణ గురించి చెప్పండి. దానిముందు ఈ అయిదారేళ్ళు ఒక లెక్కా!