గడప దాటిన అడుగులు

కాలు కోల్పోయినవారు పడిపోవడం అరుదేమీ కాదు. కెనడాలో 435 మందితో చేసి 2001లో ప్రచురించిన సర్వేలో 52.4 శాతం మంది అంతకుముందు ఏడాదిలో పడ్డామని చెప్పారు. కృత్రిమ కాలితో ఎంత దూరం నడిచారన్నదే కాదు, ఎంత నిలకడగా నడిచారన్నదీ తెలియాలి. ఆస్పత్రి వరండాలో, నున్నటి నేల మీద, ఫిజియోథెరపిస్టు చూస్తుండగా వేసిన నాలుగడుగులు ఆ సంగతి పూర్తిగా చెప్పవు.

ఆస్ట్రేలియాలో హోర్డాకర్, బార్, క్రాటీ అనే పరిశోధకులు అందుకే బయటి నడకను కొలిచారు. మోకాలి కింద కాలు తొలగించిన 46 మంది ఏడు రోజులు యాక్సిలరోమీటర్, జీపీఎస్ ధరించారు. అడుగు ఎప్పుడు పడిందో ఒకటి, ఎక్కడ పడిందో మరొకటి చెబుతాయి. 2014లో వెలువడిన ఫలితాల్లో, ఇంటి బయట వేసిన అడుగులు వారానికి సగటున 16,645. ప్రామాణిక విచలనం మాత్రం 13,274! ఇంత తేడాలున్నచోట ఆ సగటును చూసి ఏ ఒక్కరి నడకనూ ఊహించలేం. నిపుణులు సామర్థ్యాన్ని బట్టి ఇచ్చే కె3, కె4 శ్రేణుల మధ్య, బయటి నడకలో గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అసలు తేడాయే లేదని దీనర్థం కాదు. ఇంత చిన్న బృందంలో తేలలేదని మాత్రమే.

పడిపోయినవారు బయట తక్కువ నడుస్తున్నారని ఆ పరిశోధకులే 2015లో రాశారు. పడ్డాక భయంతో తగ్గించారా, తక్కువ నడవడంవల్ల బలం తగ్గి పడ్డారా? ఒక్క వారం కొలతతో ఇది తేలదు. దీన్ని తేల్చకుండా ‘ఎక్కువ నడవండి’ అని సలహా ఇవ్వడం నాకు తొందరపాటనిపిస్తుంది.

పైగా అడుగుల లెక్క నిలకడకు కొలత కాదు. నిలకడ కోసం నడుముకు కట్టిన సెన్సర్‌తో, అడుగుకూ అడుగుకూ పట్టే సమయంలో తేడాను, మొండెం పక్కలకు ఊగడాన్ని చూస్తారు. నెమ్మదిగా నడిచినా, వాలు ఎక్కినా, మలుపు తిరిగినా ఆ అంకెలు మారతాయి. కాలువను చూసి అడుగు కుదించుకున్న మనిషి జాగ్రత్త కూడా అందులో అస్థిరతగానే నమోదు కావచ్చు. నిలకడను మార్చేవి ఇంకా ఉన్నాయి. మధుమేహంతో కాలు పోయినవారికి మిగిలిన పాదంలోనూ స్పర్శ తగ్గి ఉండొచ్చు. మిగిలిన కాలు ఇమిడే కృత్రిమ కాలి సాకెట్ పొద్దున బిగుతుగా ఉన్నా సాయంత్రానికి వదులు కావచ్చు. ఉదయం పదింటికి క్లినిక్‌లో తీసిన కొలతలో ఆ సాయంత్రం ఉండదు.