నోటి కాన్సరు: సాధ్యాసాధ్య నిర్ణయము

వ్యాధిని గుర్తించుట యొక యెత్తు; అది కుదురునో కుదురదో ముందుగా చెప్పుట మరియొక యెత్తు. మన ప్రాచీన వైద్యులు ఈ రెండవదానిని సాధ్యాసాధ్య నిర్ణయమనిరి. సుశ్రుతసంహిత ముఖరోగములను 65గా లెక్కించి, అంగిటియందు పుట్టు అర్బుదమును అసాధ్యములలో చేర్చినది. నాటి అర్బుదమును నేటి కాన్సరును ఒక్కటే యనుట సాహసమగును. కాని "నేను బ్రతుకుదునా?" యను రోగి ప్రశ్న మాత్రము నాటినుండి నేటివరకు మారలేదు.

అంగిటి కాన్సరు తెలుగువారికి పరాయి కథ కాదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల పల్లెలలో, ముఖ్యముగా స్త్రీలు, చుట్ట నిప్పుకొనను నోటిలో నుంచుకొని కాల్చు అలవాటు కలదు. దానిని అడ్డపొగ యందురు. ఆ పొగకును ఈ వ్యాధికిని గల సంబంధమును రెడ్డి, రావు అను వైద్యులు 1957లో ఒక వ్యాసమున ప్రకటించిరి. 1971లో వెలువడిన మరియొక పరిశోధన కొరకు 10,169 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించిరి.

కారణము తెలిసినంత మాత్రమున ఫలితము తెలియదు. 1920లో అమెరికా వైద్యుడు బ్రోడర్సు, పెదవి కాన్సరు కణములు సహజరూపమునుండి ఎంత తొలగినవో సూక్ష్మదర్శినిలో చూచి, వానిని నాలుగు తరగతులుగా విభజించెను. పిమ్మట ఫ్రాన్సులో దెన్వా, కణితి పరిమాణము, సమీప గ్రంథులు, దూరవ్యాప్తి అను మూడింటినిబట్టి దశలను నిర్ణయించు పద్ధతిని రూపొందించెను.

1970ల తరువాత ఆశ రక్తమువైపును, కణములోని ప్రోటీనులవైపును మరలినది. 1979లో కనుగొనబడిన పి53 మొదలుకొని ఎన్నో సూచకములు పరీక్షింపబడినవి. పి16 అను సూచకము గొంతులోని టాన్సిలు ప్రాంతపు కాన్సరున మంచి ఫలితమును సూచించును. నోటి కాన్సరున దానినంతగా నమ్మరాదు. ఒకే మార్గమున నున్న రెండు పొరుగు స్థానములకు ఒకే కొలబద్ద చెల్లకపోవుట గమనింపదగినది.

ఇంతవరకు నోటి కాన్సరున వైద్యుని చేతికి గట్టిగా దొరకిన ఆధారములు మెడ గ్రంథులు, కణితి లోతు. ఇటీవలి దశానిర్ణయమున 5, 10 మిల్లీమీటర్ల లోతులు హద్దులైనవి. బొంబాయి టాటా స్మారక వైద్యశాల 2015లో ప్రకటించిన పరీక్షలో, తొలిదశ రోగులు 500 మందిలో, గ్రంథులను ముందే తొలగించినవారు మూడేండ్లకు నూటికి 80 మంది జీవించియుండిరి. వ్యాధి మెడలో కనబడువరకు వేచియున్నవారిలో 67.5 వంతు మాత్రమే.

సుశ్రుతసంహిత గీచిన అసాధ్యపు గీత ఈ విధముగా వెనుకకు జరుగుచున్నది. అది ఇంకను జరుగవలెనన్న, రోగి కణితి లోతు కాకమునుపే వైద్యుని చేరవలెను.