వాక్యము విషయమై వాదము పుట్టినప్పుడు



ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత గుడి వసారాలో పెద్దలు చాపవేసికొని కూర్చుండి ఒక సంగతిని విచారించుట మీరందరు చూచినదే. పొరుగింటివారు పండుగనాడు పంపిన పిండివంట తినవచ్చునా, తినకూడదా? క్రొత్తగా నమ్మిన ఇంటివారికి వెంటనే బాప్తిస్మమియ్యవలెనా, కొంతకాలము కనిపెట్టవలెనా? ఒక పెద్ద ఒక వచనము తీసి చదువును. మరియొక పెద్ద మరియొక వచనము తీసి చదువును. ఇద్దరి చేతిలో ఉన్నది ఒక్క గ్రంథమే. ఇద్దరును దేవునికి భయపడువారే. అయినను మాటకు మాట పెరుగును. ఇట్లు మాట పెరిగి ఒక గుడి రెండు గుడులైన గ్రామములు మీకు తెలియకపోలేదు.

ఇట్టి వాదము సంఘమునకు క్రొత్త కాదు. సంఘము పుట్టి ఇరువది యేండ్లయినను నిండకముందే, క్రీ.శ. 49 ప్రాంతమున, దీనికంటె పెద్ద వాదము పుట్టినది. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయము తెరచి దగ్గర పెట్టుకొని ఈ వ్యాసము చదువుడని మిమ్మును వేడుకొనుచున్నాను.

సిరియా దేశములోని అంతియొకయలో యూదులును గ్రీకువారును కలిసి ప్రభువును ఆరాధించుచుండిరి. శిష్యులు మొట్టమొదట క్రైస్తవులనబడినది ఆ పట్టణములోనే. పౌలు బర్నబాలు కుప్రలోను, పిసిదియలోని అంతియొకయలోను, ఈకొనియలోను, లుస్త్రలోను, దెర్బేలోను సువార్త ప్రకటించి తిరిగివచ్చి, అన్యజనులకు తలుపు తెరువబడెనని సంఘమునకు తెలిపిరి. అంతలో యూదయనుండి కొందరు వచ్చి, మోషే నియమించిన ఆచారము చొప్పున సున్నతి పొందనివారికి రక్షణ లేదని బోధింపసాగిరి.

మనము ఈ భాగము చదువునప్పుడు ఆ వచ్చినవారిని వట్టి కలహప్రియులుగా ఎంచుదుము. అట్లు తొందరపడవద్దు. వారి చేతిలో వాక్యమున్నది. ఆదికాండము 17వ అధ్యాయము చూడుడి. దేవుడు అబ్రాహాముతో చేసిన నిబంధన నిత్యమైనదనియు, సున్నతి లేనివాడు జనములోనుండి కొట్టివేయబడుననియు అక్కడ స్పష్టముగా ఉన్నది. అంతేకాదు. క్రీ.పూ. 167 ప్రాంతమున అంతియొకస్ ఎపిఫనేసు అను రాజు యూదుల ఆచారములను నిషేధించినప్పుడు, బిడ్డలకు సున్నతి చేయించిన తల్లులు ఆ బిడ్డలతో కూడ చంపబడిరి. ముత్తాతలు ప్రాణములిచ్చి కాపాడిన గురుతును ఇప్పుడు అక్కరలేదనిన, ఆ మాట వారి గుండెకు ఎట్లు తగిలియుండునో ఆలోచించుడి.

అవతలి పక్షము చూడుడి. అంతియొకయలోని గ్రీకు విశ్వాసి విగ్రహములను విడిచెను, బాప్తిస్మము పొందెను, ప్రభువు బల్లలో పాలుపొందెను. ఇప్పుడు ఎవరో వచ్చి, నీవు ఇంకను బయటివాడవే అనుచున్నారు. క్రీస్తు చేసిన పని చాలదా అని అతడు అడుగును గదా! రెండు పక్షములవారికిని ఇది ప్రాణముతో సమానమైన సంగతి.

అంతియొకయవారు ఏమి చేసిరి? రెండు గుడులు కట్టుకొనలేదు. పౌలును బర్నబాను మరికొందరిని సుమారు 300 మైళ్ల దూరముననున్న యెరూషలేమునకు పంపిరి. వారు ఫేనీకే సమరయ దేశముల మీదుగా వెళ్లుచు, దారిపొడుగున అన్యజనులు దేవునివైపు తిరిగిన సంగతి చెప్పి సహోదరులను సంతోషపరచిరి. వాదమునకు పోవుచున్నవారి నోట దారిలో వాదము వినబడలేదు, సువార్తయే వినబడెను.

యెరూషలేములో సభ కూడెను. పరిసయ్యుల తెగలోనుండి విశ్వసించినవారు లేచి తమ మాట తాము చెప్పిరి. వారి నోరు ఎవరును మూయలేదు. చాల సేపు తర్కము జరిగినదని లూకా దాచక వ్రాసెను. తరువాత పేతురు లేచి, కొన్ని సంవత్సరముల క్రిందట కైసరయలో కొర్నేలి యింట జరిగిన సంగతి జ్ఞాపకము చేసెను. సున్నతి లేని ఆ ఇంటివారికి దేవుడు తమకిచ్చినట్లే పరిశుద్ధాత్మ నిచ్చెను. మన పితరులును మనమును మోయలేకపోయిన కాడిని వారి మెడమీద పెట్టుటెందుకని అతడడిగెను. సభ ఊరకుండెను. అప్పుడు బర్నబాయు పౌలును తాము చూచినవి చెప్పిరి.

అయితే చూచిన సంగతులతోనే సభ ముగియలేదని గమనింపుడి. యాకోబు లేచి, దేవుడు చేసినదని మనము చెప్పుకొనుచున్నది ప్రవక్తల వాక్యముతో సరిపడుచున్నదా అని చూచెను. తెకోవ ఊరి పశువుల కాపరియైన ఆమోసు క్రీ.పూ. 8వ శతాబ్దమున చెప్పిన ప్రవచనమును ఎత్తెను. పడిపోయిన దావీదు గుడారమును దేవుడు మరల లేవనెత్తుననియు, అన్యజనులును ఆయనను వెదకుదురనియు దాని భావము. మీరు ఆమోసు 9:12 వచనమును అపొస్తలుల కార్యములు 15:17 వచనముతో పోల్చి చూచిన, రెండును అక్షరాల ఒక్కటిగా లేవని తెలియును. హెబ్రీ ప్రతిలో ఎదోము ప్రస్తావన ఉన్నచోట, గ్రీకు తర్జుమాలో మనుష్యులందరి ప్రస్తావన ఉన్నది. కార్యముల గ్రంథములోని యాకోబు ప్రసంగము గ్రీకు తర్జుమాను అనుసరించుచున్నది. ఇది చూచి కలవరపడనక్కరలేదు. ఆదిసంఘము వాక్యమును జనులు చదువుకొను భాషలో నుంచుకొని దానినే ఆధారము చేసికొనెను. మన తెలుగు బైబిలు చదువు మనకు ఇది ధైర్యము పుట్టించు సంగతి.

తీర్పు ఏమనగా, అన్యజనులను కష్టపెట్టరాదు. విగ్రహములకు అర్పించినవాటిని, జారత్వమును, గొంతు పిసికి చంపినదానిని, రక్తమును మాత్రము వారు విడువవలెను. ఈ నాలుగింటినే ఏల చెప్పిరి? లేవీయకాండము 17, 18 అధ్యాయములలో ఇశ్రాయేలీయుల మధ్య నివసించు పరదేశులు కూడ పాటింపవలసిన విధులున్నవి. ఈ నాలుగును వాటిని పోలియున్నవని అనేక పండితులు గుర్తించిరి. యూదుడును గ్రీకువాడును ఒక్క పంక్తిని కూర్చుండి భోజనము చేయుటకు ఇవి తోడ్పడును. అనగా గ్రీకువాడు యూదుడు కానక్కరలేదు. యూదుడు తన మనస్సాక్షిని తన్నుకొననక్కరలేదు. ఇరువురును ఒక బల్లయొద్దకు రావలెను.

ఆ తీర్పును పత్రికగా వ్రాసి, బర్సబ్బా అను యూదాచేతను సీలచేతను పంపిరి. పత్రిక చదివినప్పుడు అంతియొకయలో ఆదరణయు సంతోషమును కలిగెను.

ఈ విషయములో పౌలు నడతను కూడ చూడుడి. గ్రీకువాడైన తీతుకు సున్నతి చేయింపవలెనని కొందరు పట్టుబట్టగా అతడు ఒక గడియయైనను లోబడలేదని గలతీ పత్రిక 2వ అధ్యాయము చెప్పుచున్నది. యూదురాలి కుమారుడైన తిమోతికి మాత్రము, ఆ ప్రదేశములోని యూదుల నిమిత్తము తానే సున్నతి చేయించెనని కార్యములు 16వ అధ్యాయము చెప్పుచున్నది. మాట మార్చినాడా? లేదు. రక్షణకు ఇది లేక తీరదని ఎవరైన అన్నప్పుడు అతడు కాదనెను. పొరుగువానికి అడ్డము తొలగించుటకైనప్పుడు ఒప్పుకొనెను. ఒక్క పని ఒకచోట కాడి, ఒకచోట ప్రేమ. ఈ భేదము తెలియనివాడు వచనములెన్ని కంఠస్థము చేసినను వాక్యమును సరిగా ప్రయోగింపలేడు.

ఇది దూరదేశపు కథ యని తలంపకుడి. మన ఒంగోలులోను ఇట్టి ప్రశ్నయే వచ్చినది. 1866లో క్లౌ దొరగారును ఆయన భార్యయు అక్కడ కాపురముండి సేవ నారంభించిరి. ఊరిలోని బ్రాహ్మణులును ఇతర పెద్ద కులములవారును తమ పిల్లలను మిషను బడికి పంపి స్నేహముగా ఉండిరి. అదే కాలమున తోళ్ల వ్యాపారము చేయు ఎర్రగుంట్ల పేరయ్యగారు ప్రభువును నమ్మి తన మాదిగ జనులకు ప్రకటింపగా, వారు రాసాగిరి. వీరిని చేర్చుకొనినయెడల మేము రామని ఊరి పెద్దలు చెప్పిరి. పెద్దలు ముందు వచ్చిన అందరును వచ్చెదరు గదా, వీరిని కొంతకాలము ఆపుదమా అను శోధన దొరగారికి కలిగెను. ఆ కలవరములో ఆయన తన గదిలో ఒక బైబిలు చేతికి తీసికొనగా 1 కొరింథీయులకు మొదటి అధ్యాయము 26వ వచనము మొదలు కనబడెను. లోకము నీచముగా ఎంచినవారినే దేవుడు ఏర్పరచుకొనెననుట అక్కడి భావము. భార్యయొద్దకు పోయి చెప్పగా ఆమెయు వేరుగా ఆ భాగమునే చదువుచుండెను. వారు పేదలను చేర్చుకొనిరి. 1867 జనవరిలో ఒంగోలునకు పడమటనున్న పేరయ్యగారి ప్రాంతమునకు దొరగారు వెళ్లి 28 మందికి బాప్తిస్మమిచ్చిరి.

ఈ సంగతి చదివి, బైబిలు తెరచినచోట ఏది కనబడిన అదే ఉత్తరువనుకొనకుడి. కొరింథులోని సంఘము అట్టి పేదలతోనే కట్టబడెను. ఒంగోలు ప్రశ్నయు కొరింథు సంగతియు ఒక్కటే గనుక ఆ వాక్యము అక్కడ తగినది.

చేరినవారికి మూడు కట్టడలు చెప్పబడెను. ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. యెరూషలేము పత్రికతో వీటిని పోల్చుడి. విగ్రహముల మాట అందులో నున్నది. చచ్చిన పశువుల మాట రక్తమును గొంతు పిసికిన దానిని గూర్చిన మాటకు దగ్గర. ఆదివారపు మాట మాత్రము అందులో లేదు. అయినను ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయము చదువుడి. నీవు ఐగుప్తులో దాసుడవై యుంటివి గనుక నీ దాసునికి కూడ విశ్రాంతి నియ్యుమను భావము అక్కడ ఉన్నది. చెప్పులు కుట్టి, నూతినీరు తోడు తోలు బొక్కెనలు కుట్టి, చచ్చిన పశువులను లాగి, వెట్టి చేయు జనులకు వారమునకొక దినము తమదని చెప్పుట విడుదల మాటయే. ఆ విడుదలకు వారు వెల చెల్లించిరి. ఆదివారము పనికి రామనియు, జాతరలో డప్పు కొట్టమనియు చెప్పినందుకు ఊరివారి కోపమును, పనులు పోవుటను సహించిరి. చదువురాని ఆ పెద్దలు వాక్యమును తమ ఒంటిమీద ప్రయోగించుకొనిరి.

తరువాత 1876–78 సంవత్సరముల గొప్ప కరవులో దొరగారు బకింగుహాము కాలువ పనిలో మూడు మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. అప్పుడు బాప్తిస్మము కోరినవారు అనేకులు. అన్నము కొరకు వచ్చిరేమో యని సుమారు 15 నెలలు ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. సహాయపు సొమ్ము ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది ఒక్క దినమున బాప్తిస్మము పొందిరి. పెంతెకొస్తు దినమున ఆలస్యము లేదు గదా అని ఎవరైన వచనము చూపి అడిగియుండవచ్చును. అయితే పెంతెకొస్తు దినమున కరవు కూలి లేదు. వాక్యము మారలేదు, సమయము వేరు.

ప్రియులారా, మీ గుడి వసారాలో వాదము పుట్టినప్పుడు ఈ సంగతులు తలంచుకొనుడి. అవతలివాని చేతిలోను వాక్యమున్నదేమో వినుడి. దేవుడు ఇదివరకు చేసినదేదో చెప్పుకొనుడి. దానిని లేఖనముతో సరిచూడుడి. అవశ్యమైన దానికంటె ఎక్కువ భారము చిన్నవాని మెడమీద పెట్టకుడి. ఏర్పడిన తీర్పును నమ్మకమైనవారిచేత ప్రేమతో తెలియజేయుడి. పొరుగింటి పిండివంట మాటకు 1 కొరింథీయులకు 8, 10 అధ్యాయములు కలిపి చదువుడి. అక్కడ పౌలు కడుపును గూర్చి తక్కువయు, చూచుచున్న సహోదరుని మనస్సాక్షిని గూర్చి ఎక్కువయు చెప్పుచున్నాడు.

ఒక్క మాట దాచక చెప్పవలెను. అంతియొకయలో పేతురే ఒకప్పుడు అన్యజనులతో భోజనము మాని వెనుకతీసెను. పౌలు అందరియెదుట అతనిని మందలించెను. మనలో సంగతి ఏమి? కులము చొప్పున పంక్తియు, పెండ్లియు, సమాధుల స్థలమును వేరుచేయు అలవాటు కొన్ని సంఘములలో నేటికిని పోలేదు. సున్నతి ప్రశ్న తీరి పందొమ్మిది వందల యేండ్లు దాటినను, బల్ల ప్రశ్న మన మధ్య తీరలేదు. ఒంగోలు పెద్దలు వెల చెల్లించి తెరచిన తలుపును మనము లోపలినుండి మూయుదుమా?

ఈసారి పెద్దల కూటము ముగిసినప్పుడు, ఎదురు వచనము చదివిన సహోదరుని ఇంటికి పోయి, అతని పంక్తిని కూర్చుండి భోజనము చేసి రండి. యెరూషలేము పెద్దలు పత్రిక వ్రాసినది అందుకొరకే.