రొమ్ము క్యాన్సర్: జన్యు పరీక్ష ఎవరికి, ఎందుకు?

ఇంట్లో ఒకరికి రొమ్ము క్యాన్సర్ అని తేలగానే ‘బయట ఎవరికీ చెప్పొద్దు’ అనే మాట కొన్ని కుటుంబాల్లో వినిపిస్తుంది. పిల్లల పెళ్లి సంబంధాలు చెడిపోతాయని భయం. కానీ ఆ జబ్బు వంశపారంపర్యంగా వచ్చిందైతే, అక్కచెల్లెళ్లు, కూతుళ్లు ముందుజాగ్రత్త పడే అవకాశం ఆ మౌనం వల్లే పోతుంది.

లోపం ఎక్కడుంది?

బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువులు ఆడా మగా అందరిలోనూ ఉంటాయి. కణంలో దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేయడం వాటి పని. పుట్టుకతోనే వాటిలో లోపం ఉంటే ఆ మరమ్మతు సరిగా జరగదు. బీఆర్‌సీఏ1ను 1994లో, బీఆర్‌సీఏ2ను 1995లో శాస్త్రవేత్తలు గుర్తించారు.

రొమ్ము క్యాన్సర్లలో 5 నుంచి 10 శాతం మాత్రమే వంశపారంపర్యమైనవి. అయితే లోపం ఉన్నవారికి ముప్పు చాలా ఎక్కువ. 2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం, 80 ఏళ్లు వచ్చేలోగా రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం బీఆర్‌సీఏ1 లోపం ఉన్న మహిళల్లో సుమారు 72 శాతం, బీఆర్‌సీఏ2 అయితే 69 శాతం. అండాశయ క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది.

తండ్రి వైపు కూడా చూడాలి

ఈ లోపం బొగ్గు దుమ్ము వల్లో, నజర్ తగలడం వల్లో వచ్చేది కాదు. తల్లి నుంచైనా, తండ్రి నుంచైనా ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం 50 శాతం. తండ్రికి ఏ జబ్బూ లేకపోయినా ఆయన నుంచి కూతురికి రావచ్చు. అందుకే నానీ, ఖాలాల సంగతే కాదు, దాదీ, ఫుప్పూల సంగతి కూడా అడగాలి. గనుల్లో పని కోసం వేరే జిల్లాల నుంచి వచ్చి గోదావరిఖని, రామగుండంలో స్థిరపడ్డ కుటుంబాలు సొంతూళ్లోని పెద్దలకు ఒక ఫోన్ చేసి కనుక్కోవాలి.

దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లలో ఇంకో సంగతి ఉంది. భార్యాభర్తలిద్దరికీ బీఆర్‌సీఏ2 లోపం ఉంటే, పిల్లలకు ఫాంకోనీ అనీమియా అనే తీవ్రమైన రక్త వ్యాధి రావచ్చు.

ఎవరు చేయించుకోవాలి?

50 ఏళ్లలోపే రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, ‘ట్రిపుల్ నెగటివ్’ రకం ఉన్నవారు, రెండు రొమ్ముల్లోనూ వచ్చినవారు, రొమ్ము క్యాన్సర్ వచ్చిన మగవారు, కుటుంబంలో అండాశయ క్యాన్సర్ ఉన్నవారు డాక్టర్‌ను అడగాలి. వీలైనంత వరకు పరీక్ష మొదట జబ్బు వచ్చిన మనిషికే చేయాలి. ఆమెలో లోపం దొరికితే, బంధువులకు ఆ ఒక్క లోపాన్నే వెతికితే సరిపోతుంది. ఖర్చు కూడా తగ్గుతుంది. మైనర్ పిల్లలకు ఈ పరీక్ష సాధారణంగా చేయరు.

కొద్దిగా రక్తం గానీ లాలాజలం గానీ ఇస్తే చాలు. ఫలితం రావడానికి కొన్ని వారాలు పడుతుంది. ‘లోపం ఉంది’, ‘లేదు’ అనే రెండు జవాబులే కాక, ‘అర్థం స్పష్టం కాని మార్పు’ అని కూడా రావచ్చు. అది చూసి ఆపరేషన్‌కు తొందరపడకూడదు. పరీక్షకు ముందూ, తర్వాతా జెనెటిక్ కౌన్సెలింగ్ తప్పనిసరి.

ఫలితంతో ఏం మారుతుంది?

లోపం ఉన్న కొందరు రోగులకు ఓలాపరిబ్ లాంటి మందులు పనిచేస్తాయి. జబ్బు రాని ఆడవాళ్లకు చిన్న వయసు నుంచే ఎంఆర్‌ఐ, ఆ తర్వాత మామోగ్రామ్ ఏటా చేస్తారు. రొమ్ములు, అండాశయాలు ముందే తీయించుకునే దారి కూడా ఉంది. అది పూర్తిగా ఆమె ఇష్టం. లోపం ఉన్నంత మాత్రాన క్యాన్సర్ వచ్చినట్టు కాదు.

ఎక్కడ అడగాలి?

సింగరేణి కార్మిక కుటుంబాలు కంపెనీ ఏరియా ఆసుపత్రిలో రిఫరల్ గురించి అడగవచ్చు. హైదరాబాద్‌లో క్యాన్సర్ చికిత్సకు ప్రభుత్వ ఎంఎన్‌జే ఆసుపత్రి ఉంది. నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. పరీక్ష ఖర్చు కంపెనీ గానీ, ఆరోగ్యశ్రీ గానీ భరిస్తుందో లేదో ముందే కనుక్కోవాలి.

వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద మూడు తరాల వివరాలు రాసుకెళ్లాలి: ఎవరికి, ఏ క్యాన్సర్, ఏ వయసులో వచ్చింది. డాక్టర్ మొదట అడిగేది అదే. దానికి పైసా ఖర్చు లేదు, ఇంట్లో నోరు విప్పి మాట్లాడుకుంటే చాలు.