బట్టమేక పిట్ట పరిరక్షణకు పట్టాదారుల భాగస్వామ్యం కీలకం

హైదరాబాద్: అంతరించిపోతున్న వన్యప్రాణుల రక్షణకు ప్రభుత్వ భూములు మాత్రమే చాలవనీ, పట్టాదారులైన రైతుల సహకారం అత్యావశ్యకమనీ రోళ్ళపాడు అనుభవం తెలియజేస్తున్నది.

ఆంధ్రప్రదేశ్‌లోని నంద్యాల జిల్లా (పూర్వపు కర్నూలు జిల్లా) మిడుతూరు మండలంలో గల రోళ్ళపాడు పచ్చిక బయళ్ళను 1988లో బట్టమేక పిట్టల అభయారణ్యంగా ప్రకటించడం జరిగింది. దీని విస్తీర్ణం 614 హెక్టార్లు. ఇది హైదరాబాద్‌లో పంజాగుట్ట, అమీర్‌పేటలకు చేరువలోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనానికి సుమారు నాలుగు రెట్లు. అయినప్పటికీ విస్తృతంగా సంచరించే ఈ పక్షికి అది స్వల్పమే. మిడతలు, పురుగులు, గింజల కొరకు ఇది పరిసర మెట్ట పొలాలపైనా ఆధారపడేది. ఆడపక్షి సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డును నేలపై పెడుతుంది. ఆ గుడ్డు చితికినచో ఆ ఏటి సంతానం పోయినట్లే.

రైతుల ఇబ్బందులు

సాగునీటి వసతి పెరగడంతో మెట్ట పైర్ల విధానం మారింది. రక్షణ లభించిన కృష్ణజింకల సంఖ్య పెరిగి, అవి పొలాలపై పడ్డాయి. పంట నష్టం రైతు భరించగా, అభయారణ్యం పట్ల అతనిలో విముఖత ఏర్పడింది. బట్టమేక పిట్ట అక్కడ క్రమేణా కనుమరుగైంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2011లో ఈ పక్షిని అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది.

చట్టంలో వెసులుబాటు

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972కు 2002లో చేసిన సవరణ ద్వారా 'సామాజిక రిజర్వు' విధానం అమలులోకి వచ్చింది. స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన వ్యక్తుల లేదా సమాజాల భూములను ఈ విధంగా ప్రకటించవచ్చును. భూసేకరణ అవసరం లేదు. ప్రకటన వెలువడిన పిదప నిర్వహణ సంఘం తీర్మానం, రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం లేనిదే భూ వినియోగాన్ని మార్చరాదు. 2022 సవరణ ప్రకారం ప్రైవేటు భూమి విషయంలో యజమానికి సంఘంలో స్థానం కల్పించారు.

పొరుగు రాష్ట్ర ఉదాహరణ

కర్ణాటకలోని మండ్య జిల్లా కొక్కరె బెళ్ళూరు గ్రామాన్ని 2007లో సామాజిక రిజర్వుగా ప్రకటించారు. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గ్రామస్థుల చింత తదితర చెట్లపై గూళ్ళు కట్టుకుంటాయి. ఫలసాయం వదులుకున్న చెట్ల యజమానులకు అటవీ శాఖ పరిహారం చెల్లిస్తున్నది.

పచ్చిక బయళ్ళకు సైతం ఇదే సూత్రం వర్తిస్తుంది. గూడు పెట్టే కాలంలో పొలాన్ని కదపకుండా ఉంచిన రైతుకు తగిన ప్రతిఫలం, జింకల వల్ల కలిగే నష్టానికి సకాలంలో పరిహారం అందినప్పుడే ఆవాసం కంచె దాటి విస్తరించగలదు.