అనుదిన బైబిలు పఠనం: చరిత్ర

క్రైస్తవులు ప్రతిరోజూ బైబిలులో కొంత భాగం చదివి, దాన్ని ధ్యానించి, ప్రార్థించే ఆచారం అనుదిన బైబిలు పఠనం. తెలుగు సంఘాల్లో ఒంటరిగా చేసేదాన్ని ఏకాంత ధ్యానమనీ, ఇంటిల్లిపాదీ కూర్చుని చేసేదాన్ని కుటుంబ ప్రార్థన అనీ అంటారు. దేవుని మాటలను హృదయంలో ఉంచుకుని పిల్లలకు నేర్పించాలనే ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయపు ఆజ్ఞ, లేఖనాలను ప్రతిదినం పరిశీలించిన బెరయ వారి మాదిరి (అపొస్తలుల కార్యములు 17) దీనికి లేఖనాధారాలు.

6వ శతాబ్దంలో బెనెడిక్టు తన మఠ నియమావళిలో పఠనానికి రోజూ వేళలు కేటాయించింది మొదలు, 12వ శతాబ్దపు సన్యాసి రెండవ గిగో చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, దైవదర్శనంలో నిలవడం అనే నాలుగు మెట్లు చెప్పేదాకా ఇది ముఖ్యంగా మఠాల సాధన. 1549లో థామస్ క్రాన్మర్ కూర్చిన ఇంగ్లండు ప్రార్థన గ్రంథం నెలకోసారి కీర్తనలన్నీ పూర్తయ్యేలా పట్టిక ఇచ్చి, దీన్ని మామూలు విశ్వాసుల దగ్గరకు తెచ్చింది.

జర్మనీలోని హెర్న్‌హూట్ గ్రామంలో మొరేవియన్ శరణార్థులకు ఆశ్రయమిచ్చిన జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు 1728 మే 3న మర్నాటికి ధ్యానవాక్యం ఇచ్చాడు. అప్పటినుంచి రోజూ ఒక వాక్యం ఇంటింటికీ అందేది. చీటీ తీసి ఎంచిన ఈ వాక్యాల సంపుటి 1731 సంవత్సరానికి మొదటిసారి అచ్చయి, నేటికీ ఏటా వెలువడుతోంది.

అయితే గ్రంథం మొత్తాన్ని మామూలు కుటుంబాల చేత చదివించిన ఘనత ఎక్కువగా స్కాట్లండుకు చెందిన రాబర్ట్ మర్రే మెక్‌షేన్‌ది. 1813 మే 21న ఎడిన్‌బరోలో పుట్టిన ఆయన 1836లో డండీ పట్టణంలోని సెయింట్ పీటర్స్ సంఘానికి కాపరి అయ్యాడు. నార మిల్లుల కార్మికులు కిక్కిరిసి ఉండే పేట అది. 1839లో యూదుల స్థితిగతులు తెలుసుకునేందుకు ఆండ్రూ బోనర్ తదితరులతో పాలస్తీనా వెళ్లాడు. ఆ కాలంలోనే, ఆయన స్థానంలో ఉన్న విలియం బర్న్స్ పరిచర్యలో డండీలో గొప్ప ఉజ్జీవం వచ్చింది. కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన వాళ్లు వాక్యంలో వేళ్లూనాలి. 1842 డిసెంబరు చివర మెక్‌షేన్ తన సంఘానికి పఠన పట్టిక పంపాడు.

దాని ప్రకారం రోజుకు సుమారు నాలుగు అధ్యాయాలు: రెండు కుటుంబంతో, రెండు ఏకాంతంలో. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు పూర్తవుతాయి. జనవరి 1న ఆదికాండము, మత్తయి, ఎజ్రా, అపొస్తలుల కార్యములు నాలుగూ మొదటి అధ్యాయాలతో మొదలవుతాయి; సృష్టి, క్రీస్తు జననం, చెరనుంచి తిరిగిరావడం, సంఘపు పుట్టుక ఒకే రోజు కళ్లముందు నిలుస్తాయి. పట్టిక కంటే విలువైనది దానితో ఆయన రాసిన లేఖ. లాభాలకంటే ముందు ప్రమాదాలే చెప్పాడు: చదవడం మొక్కుబడి కావచ్చు, అధ్యాయాలు పూర్తిచేశామన్న తృప్తి స్వనీతిగా మారవచ్చు, మనసు పెట్టకుండా పేజీలు తిప్పవచ్చు, కొందరికి అది మోయలేని కాడి కావచ్చు. తన పట్టిక హృదయానికి బదులు కాదని ఇంత నిజాయితీగా హెచ్చరించిన రచయితలు అరుదు. తల్లిదండ్రులకు పిల్లలతో మాట్లాడేందుకు రోజూ ఒక విషయం దొరుకుతుందనీ, మంద ఏ పచ్చికలో మేస్తోందో కాపరికి తెలుస్తుందనీ లాభాలు వివరించాడు. మూడు నెలలైనా తిరక్కముందే, 1843 మార్చి 25న, టైఫస్ జ్వరంతో మరణించాడు. వయసు 29. మరుసటి ఏడాది బోనర్ ప్రచురించిన జీవిత చరిత్ర ఆయన పేరును దూరదేశాలకు చేర్చింది. ఆ పట్టికను నేటికీ అనేకులు పాటిస్తున్నారు.

1879లో ఇంగ్లండులో ఆనీ మార్‌స్టన్ అనే సండే స్కూలు టీచరు చొరవతో పిల్లల కోసం పఠన కార్డులు వచ్చాయి. స్క్రిప్చర్ యూనియన్ పఠన ప్రణాళిక అలా మొదలైంది. 20వ శతాబ్దంలో రోజుకో పేజీ ధ్యాన పుస్తకాలు పెరిగాయి. భర్త చివరి అనారోగ్య కాలపు వేదనలోంచి మిసెస్ చార్లెస్ కౌమన్ 1925లో వెలువరించిన సంకలనం 'ఎడారిలో సెలయేర్లు'గా తెలుగు ఇళ్లకూ చేరింది. ఓస్వాల్డ్ ఛాంబర్స్ ప్రసంగాలను ఆయన మరణానంతరం భార్య తన షార్ట్‌హ్యాండ్ ప్రతులనుంచి కూర్చి 1927లో ప్రచురించింది.

తెలుగులో ఈ ఆచారం అనువాదంతో పాటే పెరిగింది. 18వ శతాబ్దంలో బెంజమిన్ షుల్జ్ చేసిన బైబిలు అనువాదం అచ్చుకాలేదు. విశాఖపట్నంలో లండన్ మిషనరీ అగస్టస్ డే గ్రాంజెస్, ఆనందరాయర్ అనువదించిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. చదువురాని స్త్రీలకు ‘బైబిలు స్త్రీలు’ అని పిలిచే పరిచారికలు ఇళ్లకు వెళ్లి చదివి వినిపించేవారు. పల్లెల్లో అనుదిన పఠనం చాలామందికి వినికిడిగానే మొదలైంది.

1929 చివర కెనడాలోని విన్నిపెగ్‌లో స్నేహితుడిచ్చిన కొత్త నిబంధన చదివి విశ్వసించిన పంజాబీ భక్త్ సింగ్, తర్వాత హైదరాబాదులోని హెబ్రోను కేంద్రంగా తెలుగు విశ్వాసుల మధ్య దశాబ్దాల పాటు పరిచర్య చేశాడు. మోకాళ్లపై ఉండి బైబిలు చదవడం ఆయన అలవాటు.